మిస్టర్ ఒఫోసు పేరు పక్కన ఎర్ర త్రిభుజం

రౌషనారా బీబీకి ఇంగ్లీషు రాదని మా వార్డు వాళ్ళు కాగితం మీద రాసిన రోజున నా ఓపిక మొదటిసారి తెగింది.

ఆమెకు డెబ్బై ఒక్క ఏళ్ళు. కాళ్ళకు నీరు పట్టి ఆసుపత్రిలో చేరింది. షుగర్ ఇరవై ఏళ్ళుగా ఉంది కనుక ఆమె బాధ్యత కొంత నాది. నేను షుగర్ రోగులను చూసే నర్సును. పేరు ఎర్లీన్. మా అమ్మానాన్నలు జమైకా నుంచి వచ్చారు, నేను పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే, ఈ ఆసుపత్రిలో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఐదు వార్డులు తిరుగుతాను. ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పావుగంట ముందు ఆమె మంచం దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళ దగ్గర వేలాడుతున్న కాగితం మీద ఇలా ఉంది: "రోగి అయోమయంగా ఉన్నారు. ఇంగ్లీషు రాదు. సిల్హెటి దుబాసీని అడిగాం. గురువారం వస్తారు."

ముందు రోజు పొద్దున ఇదే మనిషి నా బూట్లు చూసి, "ఇంత వయసొచ్చి అడుగున అరిగిపోయినవి వేసుకు తిరుగుతావేంటమ్మా, జారి పడితే నిన్నెవరు చూస్తారు?" అని ఇంగ్లీషులో కడిగేసింది. ఆమె ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళోనే స్పార్క్‌బ్రూక్ పేటలో చిన్నపిల్లల బడిలో భోజనాలు వడ్డించింది. మూడు వందల మంది పిల్లల్ని ఇంగ్లీషులోనే అదిలించింది.

ఇప్పుడు దిండు అంచు పట్టుకుని లాగుతూ ఏదో గొణుగుతోంది. నుదురంతా చెమట.

"ఎంతసేపట్నుంచి ఇలా ఉంది?" అని ఇమోజెన్‌ను అడిగాను. ఇమోజెన్ ఆ వార్డులో కొత్తగా చేరిన నర్సు. మంచి పిల్లే, కాలు నిలవకుండా పని చేస్తుంది.

"పన్నెండుంపావు నుంచి అనుకుంటా ఎర్లీన్. ఏమడిగినా వాళ్ళ భాషలోనే చెప్తున్నారు. అందుకే దుబాసీకి ఫోన్ చేశాం."

అప్పుడే భోజనాల బండి తోసుకుంటూ నర్గీస్ వచ్చింది. వార్డులో అందరికీ తిండి పెట్టేది, ఎంగిలి పళ్ళాలు తీసేది నర్గీసే. తనదీ బంగ్లాదేశ్‌లోని సిల్హెట్టే. రెండు నిమిషాలు నిలబడి విని, నా వైపు తిరిగింది.

"ఆమె మాట్లాడేది మా భాష కూడా కాదు ఆఫా," అంది. ఆఫా అంటే వాళ్ళలో అక్క. "అసలది ఏ భాషా కాదు. దుబాసీ వచ్చి ఏం చేస్తాడు?"

వేలు గుచ్చి చూశాను. మీటరు మీద నాలుగుకు తగ్గితే మాకు కంగారు. ఆమెది రెండూ పాయింట్ మూడు. ఇంకో పావుగంట ఆగితే గురువారం దుబాసీకి మాట్లాడే మనిషి మిగిలేది కాదు. నారింజ రసం కొంచెం కొంచెంగా తాగించాం. పదిహేను నిమిషాలకు ఆమె కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసి, "ఎందుకలా మూగారు నా చుట్టూ? ఎవరన్నా పోయారా?" అంది. శుద్ధమైన ఇంగ్లీషులో.

ఇమోజెన్ ముఖం ఎర్రబడింది. తనను అక్కడే నాలుగు మాటలు అనాలనిపించింది గాని, బండి పక్కన నిలబడ్డ నర్గీస్ అంతకన్నా ముఖ్యమైన మాట అంది.

"ఇన్సులిన్ ఇంజెక్షన్ పన్నెండింటికి ఇచ్చేస్తారు. నా హలాల్ భోజనాలు వేరే పొయ్యిలో వేడెక్కి వచ్చేసరికి పన్నెండూ నలభై. రోజూ ఇంతే."

"రోజూనా? ఎవరికైనా చెప్పావా?"

"నన్నెవరడుగుతారు ఆఫా? నేను పళ్ళాలు తీసేదాన్ని."

ఆ సాయంత్రం నుంచే లెక్క మొదలుపెట్టాను. నా ఐదు వార్డుల్లో షుగర్ ఉన్నవాళ్ళు ఎవరెవరు, ఎవరికి నాలుగుకు తగ్గింది, ఆ రోజు తిన్నారా లేదా. మూడు నెలలు రాశాను. మూడు వందల నలభై మంది తేలారు. తెల్లవాళ్ళలో పదిమందికి ఒకరికి షుగర్ పడిపోయింది. ఆసియా వాళ్ళలో పదిమందికి ఇద్దరికి. నల్లవాళ్ళలో ఇంచుమించు ముగ్గురికి. ఇంకో వరుస కూడా రాసుకున్నాను: మనిషి తేడాగా ఉన్నాడని ఎవరో ఒకరు గమనించిన దగ్గర్నుంచి వేలు గుచ్చి చూసేదాకా ఎంతసేపు పట్టిందని. తెల్లవాళ్ళకు తొమ్మిది నిమిషాలు. మిగతావాళ్ళకు ఇరవై ఆరు.

ఆ ఇరవై ఆరులో నా నిమిషాలు కూడా ఉన్నాయి. ఒక చీటీలో నా చేతిరాతే కనిపించింది: "మొండికేస్తున్నారు, మందు వద్దంటున్నారు. తర్వాత వచ్చి చూస్తాను." ఆయన ఒక ముసలి బార్బడోస్ మనిషి. తర్వాత వచ్చి చూసేసరికి ఆయనది రెండూ పాయింట్ ఎనిమిది. ఆ చీటీని కూడా లెక్కలో కలిపాను.

ఈ లెక్కలు పట్టుకుని మా పెద్ద డాక్టరు హెస్లాప్ పెట్టిన సమావేశానికి వెళ్ళాను. ఆయన కాగితాలు మూడుసార్లు తిప్పి చూశాడు.

"ఆసక్తిగా ఉంది," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఆయన ఆ మాట అన్నాడంటే ఇక ఏమీ జరగదు. "జన్యువుల్లో తేడా ఉండొచ్చు. కిడ్నీల తేడా ఉండొచ్చు. మూడు వందల నలభై మంది అంటే చిన్న సంఖ్యే కదా ఎర్లీన్."

"జన్యువుల వల్ల భోజనం నలభై నిమిషాలు ఆలస్యంగా రాదు డాక్టర్."

"వాళ్ళ తిండి అలవాట్లు కూడా వేరు," అంది పక్కనున్న ఇంకో ఆవిడ. "ఇంటి నుంచి తెచ్చుకుని తింటారు, మన లెక్కలోకి రాదు."

"ఇంటి నుంచి తెచ్చుకుని తింటే షుగర్ పెరగాలమ్మా, తగ్గదు."

ఎవరో నవ్వారు. ఇంకా ఆరు నెలలు లెక్క రాయమన్నారు. ఇంకా ఆరు నెలలంటే ఇంకా ఎంతమంది పడిపోవాలో నోట్లో నోట్లోనే లెక్క వేసుకుంటూ బయటికి వచ్చాను.

మిస్టర్ ఒఫోసు సంగతి జరిగింది ఆ తర్వాత రెండో వారంలోనే.

ఎబెనేజర్ ఒఫోసు ఘనా మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. ఊరి చుట్టూ తిరిగే పదకొండో నంబరు బస్సు ముప్ఫై నాలుగేళ్ళు నడిపి రిటైరయ్యాడు. వాళ్ళ చర్చిలో పెద్ద. ఆసుపత్రిలో కూడా పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చునేవాడు. కాలి పుండు శుభ్రం చేయించుకోవడానికి చేరాడు. ఆ పొద్దున పదింటికి చిన్న ఆపరేషన్ ఉందని ఏమీ తినొద్దన్నారు. ఇన్సులిన్ తగ్గించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎనిమిదింటికి రోజూ ఇచ్చేంతా ఇచ్చేశారు. పదింటి ఆపరేషన్ పన్నెండుకు, అక్కణ్ణుంచి రెండుకు వాయిదా పడింది. ఆయన్ని అలాగే ఖాళీ కడుపుతో కూర్చోబెట్టారు. ఆయన మర్యాదస్థుడు, అడగలేదు.

నేను ఇంకో వార్డులో ఉంటే నర్గీస్ పరుగున వచ్చింది.

"ఆఫా, ఒఫోసు గారిని పట్టేసుకున్నారు!"

వెళ్ళేసరికి మంచాల మధ్య ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు ఆయన రెండు చేతులూ వెనక్కి పట్టుకుని ఉన్నారు. నేల మీద నీళ్ళ జగ్గు, పళ్ళెం, చిందరవందరగా. ఆయన ఆ పెద్ద గొంతుతో అరుస్తున్నాడు.

"దిగండి! అందరూ దిగండి! ఈ బస్సు ఇక ముందుకు పోదు. సామాన్లు తీసుకుని దిగండయ్యా!"

ఇమోజెన్ గోడకు ఆనుకుని నిలబడింది. "ఉన్నట్టుండి లేచి అరిచారు. పక్క మంచం ఆయన దుప్పటి లాగేశారు. నన్ను తోసేశారు. భయమేసి ఫోన్ చేశాను."

"షుగర్ చూశావా?"

తను తల అడ్డంగా ఊపింది.

"ఆయన్ని వదలండి," అన్నాను సెక్యూరిటీ వాళ్ళతో.

"కుదరదమ్మా. గొడవ చేస్తున్నాడు."

"గొడవ కాదయ్యా, చొక్కా చూడు! నీళ్ళలో ముంచినట్టుంది. వదలకపోతే పోనీ, కనీసం ఒక వేలు ఇటివ్వు."

వాళ్ళు వదల్లేదు, వేలు మాత్రం ఇచ్చారు. ఒకటీ పాయింట్ తొమ్మిది. తీపి జెల్ గొట్టం విప్పి ఆయన చెంప లోపల రాశాను. ఒకటి, మళ్ళీ ఇంకోటి. "మిస్టర్ ఒఫోసు, డిపోకి వచ్చేశాం, కూర్చోండి," అన్నాను. ఏం చెప్పాలో తెలియక అన్నాను. ఆయన కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక వాళ్ళు చేతులు వదిలారు.

పావుగంటకు ఆయన తడిసిన చొక్కా వైపు, నేల వైపు చూశాడు.

"సిస్టర్, నేనేమన్నా చెడ్డ మాట అన్నానా?"

"ఒక్క మాట కూడా అనలేదు."

"ఎవరినన్నా కొట్టానా?"

"లేదు. అందర్నీ బస్సు దిగమన్నారు, అంతే."

ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. ఇమోజెన్‌ను పిలిచి, "అమ్మాయ్, భయపెట్టినట్టున్నాను, ఏమనుకోకు," అన్నాడు. తను ఏడ్చేసింది. ఆ మధ్యాహ్నం భోజనం గదిలో నేను తనతో చాలా కటువుగా మాట్లాడాను. పక్క వార్డులో తెల్లాయన మిస్టర్ బ్రిగ్స్ పోయిన నెల ఇలాగే మంచం మీంచి తిడుతూ లేస్తే ఏం చేశారు, పాపం షుగర్ పడిపోయినట్టుందని మీటరు పట్టుకుని పరుగెత్తారు కదా అన్నాను. తను తల వంచుకుని, "నిజమే," అంది. అంతకుమించి ఆ పిల్ల ఏమంటుంది. ఆ రోజు నుంచి తను ఎవరు కొంచెం తేడాగా మాట్లాడినా ముందు మీటరే తీసేది. ఆ ఒక్క విషయంలో నాకు ఆలస్యంగానైనా ఊరట దొరికింది.

మిస్టర్ ఒఫోసు ఇంటికి వెళ్ళాడు. మూడు వారాల తర్వాత కాలి కట్టు మార్పించుకోవడానికి క్లినిక్‌కు వచ్చాడు. భార్య అజువా నాకోసం ఎండు చేపల కారం ఒక సీసాలో పెట్టి పంపింది. ఆయన మంచి హుషారుగా ఉన్నాడు.

"సిస్టర్, ఇక్కడ నా హోదా పెరిగింది తెలుసా! ఈ మధ్య ఎక్కడికెళ్ళినా నన్ను చూడ్డానికి ఇద్దరేసి వస్తున్నారు. తలుపు బార్లా తీసి పెడుతున్నారు. రక్తం తీయడానికి కూడా ఇద్దరే. మా ఊరి రాజుగారికి కూడా ఇంత మర్యాద లేదు."

నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక కంప్యూటర్‌లో ఆయన పేజీ తెరిచాను. పేరు పక్కన ఎర్ర త్రిభుజం. దాని మీద నొక్కితే రెండు వాక్యాలు: "సిబ్బందిపై దౌర్జన్యం చేసిన వ్యక్తి. ఒంటరిగా దగ్గరికి వెళ్ళరాదు."

మరుసటి రోజే నేల కింది అంతస్తులో భద్రతా కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ మిస్టర్ పిచ్‌ఫోర్డ్ అనే ఆయన ఉంటాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి వీలుండేది.

"ఇది తీసేయాలి," అన్నాను.

"ఏడాదికి దానంతటదే పోతుందండీ."

"ఏడాదా? ఆయనకు షుగర్ పడిపోయింది. ఒకటీ పాయింట్ తొమ్మిది. దౌర్జన్యమని రాసిందెవరు?"

"ఎవరూ రాయరు. సెక్యూరిటీ వాళ్ళు మనిషి మీద చెయ్యి వేస్తే కంప్యూటరే పెట్టేస్తుంది."

"అందులో జబ్బు వల్ల అని చెప్పడానికి చోటు లేదా?"

"ఎందుకు లేదు, ఉంది." తెర నా వైపు తిప్పాడు. కారణం ఎంచుకోమని ఒక వరుస: తాగుడు, మత్తుమందు, మతిమరుపు, మానసిక జబ్బు, ఏదీ కాదు. "ఏదీ కాదు అని నొక్కారు."

"షుగర్ ఏది?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని వరుసంతా మళ్ళీ చదివాడు. "లేదు," అన్నాడు, తనకూ ఇప్పుడే తెలిసినట్టు.

తీయాలంటే ఫారం నింపాలి. ఫోన్ చేసిన నర్సు సంతకం కావాలి. ఇమోజెన్ అడగ్గానే పెట్టింది, ఏం జరిగిందో ఒక పేజీ తనే రాసి ఇచ్చింది. తర్వాత డాక్టరు సంతకం. హెస్లాప్ సెలవు మీద పోర్చుగల్‌లో ఉన్నాడు. ఆయన వచ్చి పెట్టేసరికి ఫారం పాతదైపోయింది, కొత్త ఫారం మీద మళ్ళీ నింపమన్నారు. నింపాను. ఆపైన కమిటీ. అది రెండు నెలలకోసారి కూర్చుంటుంది. మొదటిసారి ఐదుగురు రావాల్సింది ముగ్గురే వచ్చారని వాయిదా వేశారు. ఈలోగా మిస్టర్ ఒఫోసు నాలుగుసార్లు వచ్చి వెళ్ళాడు. ప్రతిసారీ గుమ్మంలో ఇద్దరు. ప్రతిసారీ ఆయన వాళ్ళకు లేచి నమస్కారం చెప్పేవాడు. నేను ఆయనతో ఏమీ అనలేదు. ఎలాగూ తీసేస్తారు, తీసేశాక ఆయనకు తెలియాల్సిన అవసరం ఏముందనుకున్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను.

పదకొండో వారంలో కమిటీ కూర్చుంది. నేను రెండు కాగితాలు బల్ల మీద పెట్టాను. ఒకటి సెక్యూరిటీకి ఫోన్ వెళ్ళిన సమయం, పదకొండూ యాభై రెండు. రెండోది మీటరులో నమోదైన సమయం, పన్నెండూ తొమ్మిది.

"ఈ పదిహేడు నిమిషాల్లో ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకోవడమే చేశారు. వేలు గుచ్చడానికి పది సెకన్లు పడుతుంది," అన్నాను. "మూడు నెలల లెక్క కూడా మీ ముందుంది. ఇది ఆయనొక్కడి సంగతి కాదు."

"సిబ్బంది భద్రత మనం కాదనలేం కదా," అన్నాడొకాయన.

నా నోటికి చాలా వచ్చాయి. నేను అనేలోపే హెస్లాప్ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటీ పాయింట్ తొమ్మిది దగ్గర నాకు నా పేరు కూడా గుర్తుండదు," అన్నాడు. "ఆయన మనల్ని బస్సు మాత్రమే దిగమన్నాడు. తీసేయండి. ఎర్లీన్ లెక్క పోయినసారి నేను సరిగ్గా చదవలేదు. తప్పు నాది."

నాలుగు నిమిషాల్లో తీసేశారు. నాలుగు నిమిషాల పనికి పదకొండు వారాలు! అయినా ఆ సాయంత్రం బస్సులో కూర్చుని నాలో నేనే పాట పాడుకున్నాను.

తర్వాతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా గది తలుపు కొట్టకుండా తెరుచుకుంది. మిస్టర్ ఒఫోసు. చర్చికి వేసుకునే నల్ల సూటు, మెడకు టై. వెనకాల అజువా. ఆయన చేతిలో ఆసుపత్రి కవరు. దాన్ని నా బల్ల మీద విప్పి పరిచాడు.

"ప్రియమైన మిస్టర్ ఒఫోసు, మీ రికార్డులో మీ పేరు మీద ఉన్న దౌర్జన్యం హెచ్చరికను తొలగించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం."

త్రిభుజం పెట్టినప్పుడు ఆయనకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. తీసినప్పుడు మాత్రం కంప్యూటర్ దానంతటదే ఉత్తరం పంపించింది.

"కూర్చోండి," అన్నాను.

"కూర్చోను. దౌర్జన్యం ఏంటి? ఎవరి మీద? నేనెవర్నీ కొట్టలేదని మీరే చెప్పారు."

"కొట్టలేదు. ఇది..."

"ఆ ఇద్దరిద్దరు రావడం దీనికేనా?"

నేను తల ఊపాను.

ఆయన దవడ బిగుసుకుంది. గొంతు పెరిగింది. నడవాలో పోతున్న ఎవరో ఆగి లోపలికి చూశారు. నా చేయి, అలవాటు కొద్దీ, బల్ల మీదున్న మీటరు వైపు కదిలింది. ఆయన చూశాడు. కోటు చేతిని పైకి లాక్కుని వేలు నా ముందు పెట్టాడు.

"గుచ్చండి సిస్టర్. గుచ్చి చూసుకోండి. ఇవాళ నాకు పడిపోయింది షుగర్ కాదు. ఇది కోపం. తేడా తెలుసుకోండి మీరంతా."

గుచ్చొద్దనుకున్నాను. ఆయన వేలు తీయలేదు. గుచ్చాను. ఏడూ పాయింట్ నాలుగు. నా జీవితంలో మీటరు మీద అంకె చూసి అంత సిగ్గుపడింది లేదు.

"ఎవరెవరికి తెలుసిది?"

"మీ పేజీ తెరిచే ప్రతివాళ్ళకీ."

"మీకు?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు మొదట కట్టు మార్పించుకోవడానికి వచ్చారే, ఆ రోజు నుంచి."

"ఆ రోజే నేను కారం చేసి పంపాను," అంది అజువా, నాతో కాదు, ఆయనతో.

"ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపాను," అన్నాడాయన. "నా మొహం మీద ఉమ్మారు. నానా పేర్లు పెట్టి పిలిచారు. ఒక్కడి మీద చెయ్యెత్తలేదు, అదొక్కటే నాకు మిగిలిన గొప్ప. మీరు దాన్ని ఎర్ర రంగుతో కొట్టేశారు. నేను గుమ్మంలో నిలబడ్డ వాళ్ళకు లేచి నమస్కారం పెట్టాను సిస్టర్! వాళ్ళు లోపల ఏమనుకుని ఉంటారు?"

"తీయించడానికి చాలా తిరిగానండీ. మీకు తెలిస్తే బాధపడతారని..."

"తిరిగారని తెలుసు. ఇంకెవరు తిరుగుతారు? కానీ పేరు నాది. నా పేరు కోసం నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరెలా పోట్లాడతారు? నేను చిన్నపిల్లాణ్ణా?"

క్షమించమన్నాను. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కమిటీ మళ్ళీ ఎప్పుడు?"

"రెండు నెలలకు."

"నేను వస్తాను."

వచ్చాడు. ఆయన రావడానికి వీల్లేదని పిచ్‌ఫోర్డ్ రెండుసార్లు ఉత్తరం రాశాడు. రెండుసార్లూ ఆయన, ఏ నిబంధన ప్రకారం, దయచేసి నకలు పంపండి అని జవాబు రాశాడు. అలాంటి నిబంధన ఏదీ దొరక్కపోవడంతో రానిచ్చారు. నేను తీసుకెళ్ళిన లెక్కలన్నీ పక్కనపెట్టి ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: ఈ ఏడాది ఎర్ర త్రిభుజాలు ఎంతమందికి పెట్టారు, అందులో ఎంతమందికి ఆ గంటలో షుగర్ చూశారు?

ఎవరికీ తెలియదు. వెతకమన్నాడు. వెతకడానికి ఐదు వారాలు పట్టింది. ఆయనది కాక మొత్తం ముప్ఫై ఎనిమిది త్రిభుజాలు. అందులో తొమ్మిది మందికి గొడవ జరిగిన గంటలోనే షుగర్ నాలుగుకు తక్కువ. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు నల్లవాళ్ళో ఆసియా వాళ్ళో. తొమ్మిదీ తీసేశారు. ఈసారి ఉత్తరాలు కంప్యూటర్ రాయలేదు. ప్రతి ఇంటికీ పిచ్‌ఫోర్డ్ స్వయంగా ఫోన్ చేసి, ఏం జరిగిందో చెప్పి, క్షమాపణ అడగాలని మిస్టర్ ఒఫోసు పట్టుబట్టాడు. సెక్యూరిటీకి ఫోన్ చేసే ఫారంలో ఇప్పుడు మొదటి ప్రశ్న, షుగర్ ఎంత అని. అంకె వేస్తేగాని రెండో ప్రశ్న తెరుచుకోదు. ఇన్సులిన్ గడియారం చూసి ఇవ్వరు, పళ్ళెం ముందుకు వచ్చాక ఇస్తారు. ఎవరు తిన్నారు, ఎవరు వదిలేశారు అన్నది నర్గీస్ ఒక కాగితం మీద రాసి నర్సుల చేతికి ఇస్తుంది. దానికోసం ఆమెను పొద్దుటి సమావేశానికి పిలవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అదెందుకు పట్టిందో చెప్పడం మొదలుపెడితే నాకు మళ్ళీ రక్తపోటు వస్తుంది.

కొత్త లెక్క తీశాను. ఇరవై ఆరు నిమిషాలు పన్నెండయ్యాయి. తెల్లవాళ్ళవి తొమ్మిది నుంచి ఎనిమిదికి వచ్చాయి. భోజనం సకాలంలో అందాక ఆసియా వాళ్ళలో పడిపోవడం సగానికి తగ్గింది. నల్లవాళ్ళలో కొంచెమే తగ్గింది. ఎందుకో నాకు ఇంకా తెలియదు. హెస్లాప్ ఇప్పుడు ఆసక్తిగా ఉందని అనడం మానేశాడు, తెలుసుకుందాం అంటున్నాడు. చూడాలి.

మిస్టర్ ఒఫోసు నాతో మాట్లాడతాడు, కాని మునుపటిలా హాస్యాలాడడు. అజువా తొమ్మిది నెలలు నా ముఖం చూడలేదు. క్లినిక్ బయట కుర్చీలో ఆయన పక్కన కూర్చుని, నేను పలకరిస్తే కిటికీ వైపు తిరిగేది.

పోయిన బుధవారం క్లినిక్ మళ్ళీ ఆలస్యమైంది. డాక్టరు రాలేదు, గది ఖాళీ లేదు, అదీ ఇదీ. నేను బయటికి వచ్చి ఇంకో అరగంట పడుతుందని అందరికీ చెప్పాను. అజువా చేతిసంచీ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఇంకో అరగంటా?" అంది, నా కళ్ళలోకి చూస్తూ. "ఈయన పొద్దున ఇన్సులిన్ తీసుకుని అర రొట్టె ముక్క తిన్నాడు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? మీరు చెప్పిన టైమంటే టైమేనా, లేకపోతే ఏదో నోటికొచ్చిన మాటా?"

"అజువా, ఊరుకో," అన్నాడు మిస్టర్ ఒఫోసు.

"నేనెందుకు ఊరుకుంటాను?"

ఆవిడ చెప్పింది నిజం. మీటరు ఆయన పక్కన పెట్టి, టోస్టు తేవడానికి వంటగది వైపు నడిచాను. నడవా మలుపు తిరిగేదాకా ఆవిడ తిడుతూనే ఉంది. రెండు ముక్కలు ఆయనకు, రెండు ఆవిడకు వేయించి, వెన్న ఎక్కువగా రాశాను.